నేను పొట్టిగా గీసిన కాగ్నా

అందంగా కనిపించాలని ఒక నదిని పొట్టిదాన్ని చేసిన ఘనుణ్ణి నేను. కటింగ్ షాపులో అయినా ఎంత తీయమంటారని ముందు అడుగుతారు. నేను అదీ అడగలేదు. కుర్చీలో కూర్చుని, నాలుక చివర పళ్ళమధ్య పెట్టుకుని, ఒకే ఒక్క ఊపులో దాని తల తీసేశాను. పైగా ఆ రోజు ఇంటికెళ్ళి, ఇవాళ గీత భలే కుదిరిందని మా ఆవిడకి చెప్పుకున్నాను కూడా.

వికారాబాద్‌లో నీళ్ళ లెక్కలు చూసే ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరి, డ్రాఫ్ట్స్‌మన్‌గానే బయటపడ్డాను. ఎవరో నదిని కొలిచి అంకెలు తెస్తారు. ఆ అంకెల్ని నేను బొమ్మ చేస్తాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొచ్చి, మీ రోజుల్లో ఎట్లా చేసేవారు సార్ అని అడుగుతుంటారు. ప్రమోషన్ల సంగతి చెప్పను, చెప్పుకునేంత రాలేదు. ఈ ఒక్క తప్పు సంగతి మాత్రం చెబుతాను. అది ఇంకా పూర్తిగా సరికాలేదు కాబట్టి, ఆకాశం నల్లబడినప్పుడల్లా నాకే కొత్తగా గుర్తొస్తుంది.

బల్లమీది నది

అనంతగిరి గుట్టల మీద ఒక పక్క పడిన వాన మూసీ అవుతుంది, ఇంకో పక్క పడినది కాగ్నా అవుతుంది. మూసీ హైదరాబాద్ పోయి పేరు తెచ్చుకుంది, ఎట్లాంటి పేరన్నది వేరే సంగతి. కాగ్నా మాత్రం కంది చేల మధ్య నుంచి, బండల గనుల పక్క నుంచి తాండూరు మీదుగా చడీచప్పుడు లేకుండా కర్ణాటకలోకి వెళ్ళిపోతుంది. ఆఫీసులో మూసీ కాగితాలకి పోటీ ఉండేది. కాగ్నా కాగితాలు నా పాలిట పడ్డాయి. నదికీ నాదికీ ఒక్క దీర్ఘమే తేడా అని నవ్వుకుంటూ ఉండేవాణ్ణి. సొంతం అనుకున్నదాని మీద ఎంత చనువు తీసుకుంటామో అప్పుడు తెలియలేదు.

పని ఇట్లా ఉండేది. కాగితం కింది అంచున తేదీలు, పక్క అంచున నీటి ఎత్తు. రోజుకో చుక్క పెట్టాలి, చుక్కల్ని కలపాలి. వంకర గీతలకి మా దగ్గర ఫ్రెంచ్ కర్వ్ అనే పలక ఉండేది, పాము మెలికలు తిరిగినట్టు ఉంటుంది. ఆ రోజుల్లో ముసురు పట్టిందంటే వారం వదిలేది కాదు. నది కూడా మెల్లగా పెరిగి మెల్లగా తగ్గేది. చుక్కలన్నీ కలిపితే చిన్న గుట్టలాగా వచ్చేది, పలక అతికినట్టు సరిపోయేది. దాని కింద నేను కుంచెతో పలచగా నీలం పూసేవాణ్ణి. పూయమని ఎవరూ చెప్పలేదు. చిన్నప్పుడు సినిమా బోర్డులు గీయాలనుకున్నవాడు నీళ్ళ ఆఫీసులో పడితే ఇంతే.

మా పై అధికారి, డీఈ విఠల్ రెడ్డి సార్‌కి ఆ నీలం మహా ఇష్టం. పై ఆఫీసు నుంచి ఎవరొచ్చినా నా బొమ్మలు చూపించేవారు. ఒకదాన్ని ఫ్రేము కట్టించి తన కుర్చీ వెనక తగిలించుకున్నారు కూడా. ఆ బొమ్మల్లో గుట్ట శిఖరం ఎంత ఎత్తుంటే, వరద అంతదాకా వస్తుందని అర్థం. దాన్నిబట్టి నది మ్యాపు మీద రెండు పక్కలా ఎర్ర గీత గీస్తాం. గీత లోపల ఇల్లు కట్టకూడదు, బయట కట్టుకోవచ్చు. అంటే నా పలక కాస్త అటూ ఇటూ జరిగితే ఎవరి గడపో అటూ ఇటూ అవుతుంది. ఈ ముక్క నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా నీలం కలుపుకునే ధ్యాసలో వినేవాణ్ణి కాదేమో.

ఖాజా మియా

తాండూరు దగ్గర నదిని చూసే మనిషి ఖాజా మియా. వంతెన కాలికి అంకెలు వేసిన ఇనుప రేకులు బిగించి ఉంటాయి. రోజూ పొద్దున ఎనిమిదింటికి వెళ్ళి, నీళ్ళు ఏ అంకె దగ్గరున్నాయో చూసి పుస్తకంలో రాయడం ఆయన పని. వాళ్ళ నాయన బండల గనిలో పనిచేసినవాడు, అందుకేనేమో ఖాజా మియా సంచిలో పుస్తకంతో పాటు ఒక ఉలి కూడా ఉండేది. వారానికోసారి నేను ప్యాసింజర్ బండిలో తాండూరు పోయి ఆయన రాసినవి దింపుకునేవాణ్ణి. చాయ్ ఆయనే తాగించేవాడు.

ఒకసారి చాయ్ తాగుతూ అన్నాడు, "నదిని నేను చూస్త, నువ్వు గీస్తవ్. మన ఇద్దర్ల ఎవ్వలు తడుస్తరు సాబ్?" నేను నవ్వాను. ఇంకోసారి ఇంకోమాట అన్నాడు. "ఇదివరకు వాగు మబ్బులతోని కబురంపి వస్తుండె. ఇప్పుడు చెప్పకుంట వస్తున్నది, చెప్పకుంట పోతున్నది. జర ఫికర్ అయితున్నది సాబ్." అది కవిత్వం అనుకుని మళ్ళీ నవ్వాను. వాతావరణం మారుతోందని పెద్ద పెద్ద సభల్లో చెబుతున్న మాటే ఆయన వంతెన కింద నిలబడి చెప్పాడని తెలిసేసరికి నాకు జుట్టు తెల్లబడింది.

ముల్లు

ఒక వారం ఆయన పుస్తకంలోంచి దింపుకొచ్చినవాటిలో, ఆఫీసుకొచ్చి చుక్కలు పెడుతుంటే ఒక అంకె కనబడింది. ముందురోజు చుక్క కింద, తర్వాతిరోజు చుక్క కింద, మధ్యలో ఇది మాత్రం ఎక్కడో పైన. రేకుల మీది చివరి అంకెకన్నా కూడా పైన. లేని అంకెని ఎట్లా చదివాడు? వయసు మీద పడుతోంది పాపం, తప్పు రాశాడనుకున్నాను. ఒంటరిగా ఎగిరిపడ్డ చుక్క కలం జారితే పడిన చుక్కే అని మా ఆఫీసులో నేనే పెట్టిన సూత్రం ఒకటి ఉండేది. పలక పెట్టాను, కింది చుక్కల మీదుగా నున్నగా లాగాను. చక్కటి గుట్ట వచ్చింది. నీలం పూశాను. మొదట చెప్పిన, భలే కుదిరిన గీత ఇదే.

తర్వాతి వారం తాండూరు పోయి ఆ అంకె సంగతి అడిగితే, ఖాజా మియా నన్ను వంతెన పక్కనున్న పాత పంపుహౌసుకి తీసుకెళ్ళాడు. బయటి మెట్లెక్కితే రాతి గోడలో నా ఛాతీ ఎత్తున ఉలితో చెక్కిన అడ్డగీటు ఉంది. తాజాగా, తెల్లగా.

జరిగింది ఇదీ. ఆ రోజు తాండూరులో ఎండ కాస్తోంది. పైన గుట్టల్లో మబ్బు పగిలినట్టు కురిసిందని ఇక్కడెవరికీ తెలియదు. మధ్యాహ్నం మూడు దాటాక ఎర్రనీళ్ళు వచ్చాయి. చూస్తుండగానే రేకులు మునిగిపోయాయి. చదవడానికి అంకెలు లేకపోతే ఈయన పంపుహౌసు మెట్లెక్కి నిలబడి, నీళ్ళు ఆగినచోట గోడమీద ఉలి పెట్టాడు. మర్నాడు నీళ్ళు దిగాక ఆ గీటు ఎత్తు టేపుతో కొలిచి పుస్తకంలో రాశాడు. పొద్దున ఎనిమిదింటికల్లా నది ఎప్పటిలాగే ఉంది. అప్పట్లో ఆ ఒడ్డున ఇళ్ళు లేవు కాబట్టి ఎవరూ గొడవ చేయలేదు.

"ఎనిమిది గంటలకు చూస్తే ఇది శరీఫే సాబ్, మస్తు బుద్ధిమంతురాలే. మనం చూడని టైముల ఏం చేస్తదో, గదే అసలు లెక్క."

తిరుగు బండిలో నాకు కూర్చోబుద్ధి కాలేదు. మర్నాడు బొమ్మలోని గుట్ట మీద పెన్సిల్‌తో ఆ చుక్క పెట్టి, కలిపి, విఠల్ రెడ్డి సార్ దగ్గరికి తీసుకెళ్ళాను. నున్నటి గుట్టలోంచి సూది పొడుచుకొచ్చినట్టుంది. సార్ దాన్ని దూరంగా పెట్టి చూశారు, దగ్గరగా పెట్టి చూశారు.

"ఏందయ్యా గీ ముల్లు?"

చెప్పాను. ఉలి గీటు సంగతీ చెప్పాను. ఆయన చెడ్డమనిషి కాదు. ఆకలేసినవాడికి తన టిఫిన్ డబ్బా తెరిచిచ్చే మనిషి. కాని బొమ్మ చూసి నమ్మే మనిషి. ముల్లు మీద వేలు పెట్టి రుద్దారు, పెన్సిల్ కదా, మసకబారింది.

"ఒక్కపూట నీళ్ళకు గింత పరేషాన్ ఎందుకు? తీసెయ్. అందం పోతది."

తప్పంతా ఆయన మీద తోసేయడం నాకు సుఖమే. కాని ఆ క్షణంలో నాకు కలిగింది కోపం కాదు, హమ్మయ్య అనే భావం. రబ్బరు నా జేబులోనే ఉంది. ఆ గుట్ట ప్రకారమే మ్యాపు మీద ఎర్ర గీత పడింది. పై ఆఫీసు ముద్ర కూడా పడింది.

షాహీన్ అడిగింది

ఏళ్ళు గడిచాయి. ఖాజా మియా బిడ్డ షాహీన్ బట్టలు కుట్టే పని నేర్చుకుని, ముగ్గురు ఆడపిల్లల్ని పనిలో పెట్టుకునేదాకా వచ్చింది. నదివైపు కొత్తగా ప్లాట్లు పడితే ఒకటి తీసుకుంది. ఇల్లు మొదలుపెట్టే ముందు తండ్రీకూతుళ్ళిద్దరూ వికారాబాద్ వచ్చి నా బల్ల ముందు కూర్చున్నారు. చాచా, మా జాగా నీ గీతకు లోపటనా బయటనా అని ఆ పిల్ల అడిగింది.

మ్యాపు తెరిచాను. ఎర్ర గీతకి బయటే ఉంది. "బేఫికర్ కట్టుకో బిడ్డా," అన్నాను.

ముల్లు సంగతి అప్పుడు నోటిదాకా వచ్చి ఆగిపోయిందని రాస్తే నేను కాస్త మంచివాడిలా కనిపిస్తాను. అది అబద్ధం. అసలు గుర్తే రాలేదు. ఇంకుతో గీసి ఏళ్ళ తరబడి చూస్తే, గీసినవాడికి కూడా అబద్ధం నిజమైపోతుంది. ఈ వృత్తిలో నన్ను అన్నిటికన్నా భయపెట్టేది ఇదే. ఖాజా మియా ఎందుకు అడ్డుచెప్పలేదంటారా? గీటు చూపించాడు కాబట్టి నేను గీత సరిచేసే ఉంటానని ఆయన నమ్మకం. పంపుహౌసు ఒక చివర, ప్లాటు ఇంకో చివర. ఏది ఎంత ఎత్తో కంటికి తెలియదు, నీటికే తెలుస్తుంది.

నేను రిటైరయ్యాక రెండో వానాకాలంలో, మధ్యాహ్నం భోజనం చేస్తుండగా ఫోను వచ్చింది.

"చాచా, నీళ్ళు నీ గీత దాటినయ్."

గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది. ఇంట్లో మోకాలి లోతు నీళ్ళు, మూడు మిషన్లు మునిగాయి, పెళ్ళివాళ్ళ బట్టలు తేలుతున్నాయి. మనుషులకి ఏమీ కాలేదు. లక్ష్మణుడు గీసిన గీత కనీసం సరైనచోట ఉంది. నాది అదీ కాదు.

మర్నాడు వెళ్ళాను. షాహీన్ తడవని కుర్చీ వెతికి వేసింది. నేను కూర్చోకుండా పంపుహౌసుకి నడిచాను. ఈసారి వచ్చిన నీళ్ళ మరక ఖాజా మియా గీటుకి చాలా కిందనే ఉంది. మోకాలి లోతు తెచ్చిన వరద చిన్నది. పెద్దది మళ్ళీ వస్తే ఆ ఇంట్లో నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయి? ఇప్పటి వానలు చూస్తుంటే, వస్తే అనడానికి నోరు రావడం లేదు, ఎప్పుడు అనే వస్తోంది.

నేను అడిగిన ఇద్దరు

మొదట నా పాత ఆఫీసుకి వెళ్ళాను. నా స్థానంలో ఇప్పుడు బల్ల లేదు, కంప్యూటర్ ఉంది. కొత్తగా వచ్చిన ఇంజనీరమ్మ, చిన్న వయసు, అంతా ఓపిగ్గా విన్నది. విని, తన తెరమీద ఒక మీట చూపించింది. అది నొక్కితే ఎగుడుదిగుడు గీతంతా దానంతటదే నున్నగా అవుతుందట. నేను ముప్ఫై ఏళ్ళు కష్టపడి నేర్చుకున్న తప్పుని యంత్రం ఒక్క నొక్కుతో చేసేస్తోంది. పిల్లలూ, ఆ మీట నొక్కే ముందు ఒకసారి మనిషిని అడగండి. నున్నగా చేయాల్సింది బండల్ని, వరదల్ని కాదు. బండలు పాలిష్ పట్టి అమ్మే తాండూరువాళ్ళకి ఆ తేడా బాగా తెలుసు.

అప్పట్లో ఆ మ్యాపు మీద సంతకం పెట్టిన అధికారి, ఆ చుక్క నిజమేనని, తీసేయించింది తనేనని ఒక కాగితం మీద రాసిస్తే గీత జరిపించే ప్రయత్నం చేస్తానని ఆమె అన్నది. దాంతో విఠల్ రెడ్డి సార్ దగ్గరికి వెళ్ళాను. సార్ రిటైరై తాండూరులోనే స్థిరపడ్డారు. నది ఒడ్డున ఫంక్షన్ హాల్ కడుతున్నారు, పునాదులు అయిపోయి గోడలు లేస్తున్నాయి. సరిగ్గా ఎర్ర గీతకి బయట.

ఆయన నాకు చాయ్ తెప్పించి, నేను చెప్పిందంతా విన్నారు.

"ఇప్పుడు గా పాత ముచ్చట తవ్వి ఏం చేస్తవ్ ప్రభాకర్? గీత జరిగితే నా హాల్ లోపటికి వస్తది. గంతే గద?"

"షాహీన్ ఇల్లు కూడ లోపటికి వస్తది సార్."

"ఆమె ఇల్లు ఎట్లైన కట్టుడు అయిపాయె."

కట్టడం అయిపోయిందనేది ఆయనకి సమాధానం. నా భయం కూడా అదే. ఇద్దరం ఒకే మాట దగ్గర నిలబడి చెరోవైపు చూస్తున్నాం. కాగితం లేకుండానే వచ్చేశాను.

గోడ

కొన్ని నెలలకి సారే ఫోను చేశారు. హాలు పూర్తయింది, భోజనాల గదిలో పొడుగాటి గోడ బోసిగా ఉంది, దానిమీద కాగ్నాని గీయాలి. "నీ నీలం వేరే ఎవ్వనికి రాదయ్యా. మస్తు అందంగ రావాలె."

సరేనన్నాను. మరీ తొందరగా అన్నానని మా ఆవిడ అనుమానంగా చూసింది.

కుంచె ముట్టుకునే ముందు రెండు రోజులు కొలతలకే పట్టింది. తెలిసిన సర్వేయర్ దగ్గర ఎత్తులు కొలిచే లెవెల్ యంత్రం అడిగి తెచ్చాను. ఖాజా మియాకి చూపు మందగించింది, అయినా అంకెల కర్ర తనే పట్టుకుంటానన్నాడు. పంపుహౌసు మెట్లమీద వేళ్ళతో తడిమి తన గీటు తనే కనుక్కున్నాడు. అక్కడి ఎత్తుని మజిలీ మజిలీగా మోసుకొచ్చి హాలు గుమ్మంలో దింపాం. లోపల గోడంతా ఆ ఎత్తుని పాకించడానికి మేస్త్రీలు వాడే నీళ్ళ ట్యూబు పెట్టాను. ట్యూబులో నీళ్ళు కదిలి, కదిలి, ఒకచోట నిలిచాయి. ఖాజా మియా నన్ను గోడకి ఆనుకుని నిలబడమని, చేత్తో కొలిచాడు. ఆ చోటు నా తలకి బెత్తెడు పైన ఉంది.

ఆ హాలు నేలా, షాహీన్ ఇంటి నేలా దాదాపు ఒకే ఎత్తు.

ఆ ఎత్తునే నీటి మట్టంగా పెట్టుకుని గీశాను. పైన అనంతగిరి గుట్టలు, మబ్బు, దూరంగా కంది చేల పసుపు. వాటి కింద గోడ ఈ చివర నుంచి ఆ చివరదాకా, నేల అంటేదాకా, నీళ్ళు. నా జీవితంలో అంత నీలం ఎప్పుడూ కలపలేదు, నీలం కిందికి దిగేకొద్దీ ఎరుపు కలిపాను. నీళ్ళ పై అంచున వెంట్రుకంత సన్నగా ఒక ఎర్ర గీత. మూలన ఖాజా మియా ఉలి గీటుని ఉన్నదున్నట్టు దించాను. గీస్తున్నంతసేపూ సంతోషంగా లేదు. ఇంత అందంగా రావాల్సింది మ్యాపు మీద కదా అని ఒకటే దిగులు. సార్ రోజూ వచ్చి చూసి మెచ్చుకునేవారు.

హాలు తెరిచిన రోజు పెద్ద దావత్ పెట్టారు. బంతిలో కూర్చున్నవాళ్ళందరి తలలూ నీటి అంచుకి కిందనే ఉన్నాయి. ఫొటోలకి గోడ ముందు నిలబడితే వచ్చినవాళ్ళలో అందరికన్నా పొడుగైన వాడి పాపిట దాకా నీళ్ళే. ఇంజనీరమ్మ కూడా వచ్చింది. ప్లేటు పట్టుకుని, ఈ ఎర్ర గీత ఏమిటి అంకుల్ అని నలుగురిలో అడిగింది. నేను గొంతు సవరించుకునేలోగా ఖాజా మియా చెప్పేశాడు, ఏ మధ్యాహ్నం, ఎక్కడ నిలబడి, ఉలి ఎక్కడ పెట్టాడో అంతా. చుట్టూ తినడం ఆగింది. షాహీన్ లేచి వచ్చి గోడకి వీపు ఆనించి నిలబడి, తల మీద చెయ్యి పెట్టి చూసుకుంది.

"చాచా, మా ఇంట్ల కూడ గీ గీత కొట్టు."

మర్నాడు ట్యూబు పట్టుకుని వాళ్ళ ఇంటికి వెళ్ళాను. తర్వాత పక్కింటికి, ఆ పక్కింటికి. ఇప్పుడు ఆ కాలనీలో చాలా ఇళ్ళ గోడలమీద నా ఎర్ర గీత ఉంది. షాహీన్ స్లాబు మీదికి మెట్లు కట్టించి మిషన్లు పైకి ఎక్కించింది. ఇంజనీరమ్మ పంపుహౌసు గీటుని తనే కొలుచుకుని వెళ్ళింది. మ్యాపు ఇంకా మారలేదు. వికారాబాద్‌లో గుట్టల వైపు చీకట్లు కమ్మితే నేను కిటికీ దగ్గర నిలబడి తాండూరుకి ఫోను చేస్తాను. నీళ్ళు అక్కడిదాకా పోవడానికి కొంత సమయం పడుతుంది. ఈ మధ్య ఆ సమయం కూడా తగ్గుతోందని నా భయం. ఒక్కోసారి వాన పడదు. షాహీన్ విసుక్కోదు, మెట్లెక్కుతూనే హలో అంటుంది.

పోయిన వారం విఠల్ రెడ్డి సార్ పిలిపించారు. పెళ్ళిళ్ళవాళ్ళు వచ్చి హాలు చూసి, గోడ చూసి, గీత ఏమిటని అడిగి, మళ్ళీ వస్తామని వెళ్తున్నారట. సార్ గోడ ముందు నిలబడి ఉన్నారు. ఆయన నాకన్నా పొట్టి, నీటి అంచు చూడాలంటే తల ఎత్తాలి. చాలాసేపు ఎత్తే ఉన్నారు.

"ప్రభాకర్, గీ నీళ్ళను జర నడుం దాకనన్న దించరాదయ్యా?"

నేను వెనక్కి నాలుగడుగులు వేసి, బొమ్మని దూరం నుంచి చూశాను. మళ్ళీ దగ్గరికి వచ్చి చూశాను.

"అందం పోతది సార్," అన్నాను.